స్టార్ రిపోర్టులో ‘అప్రోచెస్’ వస్తే పిల్లవాడు వెనకబడ్డట్టా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ఒకసారి కుదించి రాస్తాను. మీ బాబు డాలస్ పక్కనే ఒక పబ్లిక్ స్కూల్లో నాలుగో తరగతి పూర్తిచేశాడు. రిపోర్ట్ కార్డులో లెక్కలకు 92 వచ్చింది. టెక్సస్ రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్ష రిపోర్టులో మాత్రం అదే లెక్కలకు ‘అప్రోచెస్’ అని, పర్సంటైల్ 41 అని ఉంది. టీచరేమో పాసయ్యాడు, కంగారు పడకండి అంటున్నారు, మీవారేమో రేపే ట్యూషన్‌లో వేద్దామంటున్నారు. ఇది చాలదన్నట్టు మ్యాప్ అని ఒక స్కోరు, ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే టెల్పాస్ అని ఇంకొకటి. మీరు నేర్పిన గుణకారం స్కూల్లో చెల్లలేదని బాబు బుంగమూతి పెట్టాడు. పైగా ఈ స్టార్ పరీక్షే ఎత్తేస్తున్నారట కదా అని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు.

నేను ఈ రాష్ట్రంలో ఎలిమెంటరీ పిల్లలకు లెక్కలు చెప్తూ చాలా ఏళ్లయింది, మీరు రాసిన మాటలే దాదాపు ప్రతి కాన్ఫరెన్సులో మన తల్లిదండ్రుల నోట వింటాను. ముందే చెప్పేస్తున్నా, టీచర్ చెప్పింది నిజమే, మీవారి అనుమానమూ తప్పు కాదు. అప్రోచెస్ అంటే పాసే. అయితే ఇక్కడ పాస్ గీత మనం ఊహించుకునేంత ఎత్తులో ఉండదు.

రిపోర్టులో నాలుగు మెట్లుంటాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. మొదటిది ఫెయిల్, మిగతా మూడూ పాస్. రాష్ట్ర విద్యాశాఖ, అంటే టీఈఏ, వీటికిచ్చే అర్థం ఇదీ: మాస్టర్స్ వచ్చినవాడు పై తరగతిని దాదాపు ఎవరి సాయమూ లేకుండా లాగించేస్తాడు, మీట్స్ వచ్చినవాడికి అక్కడక్కడా కాస్త చెయ్యందిస్తే చాలు, అప్రోచెస్ వచ్చినవాడు మాత్రం ఎక్కడ బలహీనంగా ఉన్నాడో చూసి అక్కడ సాయం చేస్తే నెగ్గుకొస్తాడు. ఆ చివరి మాటే మీకు కావలసింది. చాలా తరగతుల లెక్కల పేపర్లో సగం కంటే తక్కువ మార్కులు వచ్చినా అప్రోచెస్ దాటేస్తారు, కాబట్టి ‘పాసయ్యాడు’ అన్న ఒక్క మాటతో రిపోర్టు మూసేయకండి. ‘తరగతి స్థాయిలో ఉన్నాడా’ అని అడిగితే దానికి జవాబు మీట్స్.

ఇక పర్సంటైల్. మన బుర్రలో ఎంసెట్ ర్యాంకు అంతగా ఇంకిపోయింది కాబట్టి ఏ అంకె కనబడినా అది ర్యాంకే అనుకుంటాం, లేదంటే నూటికి వచ్చిన మార్కులు అనుకుంటాం. 41 పర్సంటైల్ అంటే 41 మార్కులు కాదు. రాష్ట్రంలో ఈ పరీక్ష రాసిన నాలుగో తరగతి పిల్లల్లో సుమారు 41 శాతం మంది కంటే మీవాడి స్కోరు మెరుగ్గా ఉందని. ఎంసెట్‌లో సీట్లు ఇన్నే కాబట్టి పక్కవాడు ముందుకెళ్తే మనం వెనక్కెళ్తాం. స్టార్‌లో గీత ముందే గీసి ఉంటుంది, డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షలాగా, దాటినవాళ్లంతా దాటినట్టే, ఎంతమంది దాటారన్నదాంతో మీవాడికి పని లేదు. (ఒక్క చోట మాత్రం పోలిక నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఐదో తరగతి గురించి చెప్పేటప్పుడు దానికొస్తాను.)

మరి 92 ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. రిపోర్ట్ కార్డు మార్కులో హోంవర్కు ఉంటుంది, క్లాసులో చేసిన పని ఉంటుంది, చాలా స్కూళ్లలో తప్పులు దిద్దుకుని మళ్లీ రాస్తే కలిపే మార్కులూ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, యూనిట్ టెస్టు ఆ పాఠం అయిపోయిన వారంలోనే పెడతారు. భిన్నాల వారంలో వచ్చే ప్రశ్నలన్నీ భిన్నాలే అని పిల్లవాడికి ముందే తెలుసు. ఏప్రిల్లో స్టార్ రాసేటప్పుడు ఆగస్టు నుంచి చెప్పినవన్నీ కలగలిపి వస్తాయి, ఇది గుణకారం లెక్కా భాగహారం లెక్కా అన్నది వాడే పోల్చుకోవాలి. 92 తెచ్చుకునే పిల్లలు అప్రోచెస్ దగ్గర ఆగిపోవడం నేను తరచూ చూస్తుంటాను, వాళ్లలో చాలామందికి లెక్క చేయడం వచ్చు, ఏ లెక్క చేయాలో తేల్చుకోవడం దగ్గరే తడబడతారు.

మీవాడూ అలాగేనా అన్నది ఊహించక్కర్లేదు, చూడొచ్చు. స్కూలు ఇచ్చిన రిపోర్టు మీద ఒక యాక్సెస్ కోడ్ ఉంటుంది. టెక్సస్ అసెస్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఫ్యామిలీ పోర్టల్‌కి వెళ్లి ఆ కోడ్, బాబు పేరు, పుట్టినరోజు ఇస్తే పరీక్ష మొత్తం తెరుచుకుంటుంది. కోడ్ కనబడకపోతే స్కూల్ ఆఫీసులో అడగండి, ఇస్తారు. చాలామంది పైన రంగుల గీత చూసి మూసేస్తారు. మీరు కిందికి వెళ్లండి, ఒక్కో ప్రశ్న, దానికి మీవాడు ఇచ్చిన జవాబు, సరైన జవాబు కనబడతాయి. రీడింగ్ పరీక్షలో వాడు టైప్ చేసిన వ్యాసం కూడా మాటకు మాట ఉంటుంది. నన్నడిగితే మొత్తం రిపోర్టులో అంతకంటే విలువైన కాగితం లేదు.

ప్రశ్నల పక్కన 4.4డి, 4.5ఎ లాంటి కోడ్లు కనబడితే బెదరకండి. అవి టీక్స్ నంబర్లు. టీక్స్ అంటే ఏ తరగతిలో పిల్లలకు ఏమేం రావాలో రాష్ట్రం రాసిపెట్టిన జాబితా, మన దగ్గర సిలబస్ అంటామే, సుమారుగా అదే, కాకపోతే పాఠం పేరు కాకుండా ‘పిల్లవాడు ఇది చేయగలగాలి’ అని రాస్తారు. మొదటి అంకె తరగతి, రెండోది ఆ విభాగం, అక్షరం అందులోని ఒక్కో నైపుణ్యం. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా తీసుకున్న ఇలాంటి జాబితా కామన్ కోర్‌లో టెక్సస్ మొదటినుంచీ చేరలేదు, 2013లో చట్టం చేసి మరీ వద్దనుకుంది. అందుకే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మీ అక్క కొడుకు రాసే అక్కడి రాష్ట్ర పరీక్ష ఎన్‌జేఎస్‌ఎల్‌ఏ స్కోరు పక్కన మీవాడి స్టార్ స్కోరు పెట్టి చూడటంలో అర్థం లేదు, జాబితా వేరు, పరీక్ష వేరు, గీతలు వేరు. ఫోన్లో అక్కతో వేరే కబుర్లు చెప్పుకోండి.

4.5ఎ అన్నాను కదా, నాలుగో తరగతిలో మన పిల్లలు ఎక్కువగా జారిపడేది అక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రెండు మూడు అంచెల లెక్కను బొమ్మగా, అంటే స్ట్రిప్ డయాగ్రమ్‌గా చూపించగలగాలి అన్నది దాని సారం. ఇలాంటి ప్రశ్న అనుకోండి: ఒక్కో డబ్బాలో 12 చొప్పున 4 డబ్బాల పెన్సిళ్లున్నాయి, వాటిలో 9 విరిగిపోయాయి, మిగిలినవి ముగ్గురికి సమానంగా పంచాలి, ఒక్కొక్కరికి ఎన్నొస్తాయో కనుక్కోవడానికి ఏ బొమ్మ సరిపోతుంది? అబాకస్‌కి వెళ్లిన పిల్లవాడు 48, 39, 13 అని నోటితోనే చెప్పేస్తాడు. కానీ పరీక్ష అడిగింది 13 కాదు, బొమ్మ. ఒక బొమ్మలో 48 పొడవున్న పట్టీలోంచి ముందు 9 ముక్క తీసేసి, మిగిలిన 39ని మూడు సమాన గళ్లు చేశారు. ఇంకో బొమ్మలో 48నే మూడు గళ్లు చేసి, ఒక గడిలోంచి 9 తీశారు. రెండో దాంట్లోనూ 12, 4, 9, 3 అన్నీ ఉన్నాయి కాబట్టి తొందరలో దాన్ని నొక్కేస్తారు. దాని ప్రకారం చేస్తే 7 వస్తుంది, ‘నీకొచ్చిన 13 ఇందులో ఎక్కడుందో చూపించు’ అని అడగ్గానే పిల్లలు నాలిక కరుచుకుంటారు. ఇది లెక్క రాకపోవడం కాదండీ, ప్రశ్నను చివరిదాకా చదివి బొమ్మ గీసుకునే ఓపిక అలవాటు కాకపోవడం. రోజుకు నలభై కూడికలు చేయించే వర్క్‌షీట్లతో ఇది రాదు.

గుణకారం గొడవ కూడా ఇలాంటిదే. 34ని 26తో గుణించమంటే మనం ముందు 6తో గుణించి 204 రాస్తాం, కింద వరసలో ఒకట్ల స్థానంలో ఇంటూ గుర్తు పెట్టి 68 రాస్తాం, కూడితే 884. స్కూల్లో ముందు బాక్స్ గీయిస్తారు: 30, 4 పైన, 20, 6 పక్కన, నాలుగు గళ్లలో 600, 80, 180, 24, అన్నీ కలిపితే అదే 884. మన పద్ధతిని ఎవరూ నిషేధించలేదు. నాలుగో తరగతి టీక్స్‌లోనే మనకు తెలిసిన ఆ పద్ధతి కూడా రావాలని రాసి ఉంది. కాకపోతే ఆ ఇంటూ గుర్తు ఎందుకు పెట్టామో, ఆ 68 నిజానికి 680 అని మనలో ఎంతమందికి చెప్పారు? బాక్స్‌లో అది కంటికి కనబడుతుంది. టీచర్ బాక్స్ నేర్పే వారంలో మన పద్ధతి వద్దనడానికి కారణం అదే అయుంటుంది. పరీక్షలో సగం నింపిన బాక్స్ ఇచ్చి ఖాళీ గడిలో ఏమొస్తుందని అడగొచ్చు, బాక్స్ ఎప్పుడూ గీయనివాడు అక్కడ తెల్లమొహం వేస్తాడు. రెండూ రానివ్వండి, ఇంట్లో ఒక దాంతో చేసి రెండో దాంతో సరిచూసుకోమనండి.

రీడింగ్ గురించి మీరు అడగలేదు, వాడికి మీట్స్ వచ్చిందన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2023 నుంచి స్టార్ రూపం మారింది, ఎంపిక ప్రశ్నలు 75 శాతం మించకూడదని 2019లో చేసిన చట్టం వల్ల. ఇప్పుడు లాగి వదలడం, ఒకటికంటే ఎక్కువ జవాబులు ఎంచుకోవడం, టైప్ చేయడం అన్నీ ఉన్నాయి. మూడో తరగతి నుంచే రీడింగ్‌లో వ్యాసం రాయాలి, పదికి మార్కులు వేస్తారు. పిల్లలు చదివిన కథనే మళ్లీ చెప్పేస్తారు, కథలోంచి ఒక వాక్యం తీసుకుని అది తన జవాబును ఎలా బలపరుస్తుందో రాయరు. పోర్టల్‌లో వ్యాసం తెరిచి అది ఒక్కటి ఉందో లేదో చూడండి. చూపుడువేలితో టైప్ చేసే పిల్లవాడికి ఆలోచన ఉన్నా ఓపిక అయిపోతుంది, వేసవిలో రోజూ ఒక పావుగంట టైపింగ్ అలవాటు చేస్తే అదీ చదువే.

మ్యాప్ విషయం. అది రాష్ట్ర పరీక్ష కాదు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు స్కూళ్లను నడిపే సంస్థ) కొనుక్కుని ఏడాదిలో రెండు మూడుసార్లు పెట్టే పరీక్ష. దాని స్కోరును రిట్ అంటారు, అది నూటికి కాదు. సరైన జవాబు ఇస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పిస్తే తేలికవుతుంది, అందుకే ఎంత తెలివైన పిల్లవాడికైనా దాదాపు సగం తప్పులు పోతాయి. ‘సగం రాలేదమ్మా’ అని బాబు ఇంటికొచ్చి చెప్తే తిట్టకండి, పరీక్ష తయారుచేసిందే అలా. దాంట్లో చూడాల్సింది ఈసారి అంకె ఎంత అని కాదు, సెప్టెంబర్ నుంచి మే వరకు ఎంత పెరిగిందని.

టెల్పాస్ గురించి మన వాళ్లలో భయం ఎక్కువ, దాపరికం ఇంకా ఎక్కువ. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, చాలినంత రాదనిపిస్తే ఈఎస్ఎల్, అంటే ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకిచ్చే సాయం, ఇస్తామంటారు. ఆ ముద్ర పడకూడదని ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడతామని రాసేవాళ్లు ఉన్నారు. వద్దు. అది శిక్ష కాదు, సాయం. ఆ క్లాసు వద్దని తల్లిదండ్రులు సంతకం పెట్టొచ్చు, కానీ పెట్టినా టెల్పాస్ మాత్రం ఏటా రాయాల్సిందే, ఇంగ్లిష్ వచ్చిందని తేలేదాకా. మీవాడు ఇక్కడే పుట్టి ఇంగ్లిష్ గడగడా మాట్లాడతాడు, అయినా స్పీకింగ్‌లో ఇంటర్మీడియట్ అనే మధ్య మెట్టు దగ్గర ఎందుకు ఆగాడని అడిగారు. ఆ పరీక్షలో హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్‌కి చెప్పాలి. బొమ్మ చూపించి ఇందులో ఏం జరుగుతోందో చెప్పమంటే, సిగ్గుపడే పిల్లలు ‘ఎ బాయ్ ఈజ్ ప్లేయింగ్’ అని ఊరుకుంటారు. నాలుగైదు పూర్తి వాక్యాలు కావాలని వాళ్లకు ఎవరూ చెప్పరు. ఫోన్లో రికార్డు పెట్టి ఏదైనా ఫొటో గురించి నిమిషంపాటు మాట్లాడించండి, సరదాగానే, తర్వాత వాడినే వినమనండి. ఇంట్లో తెలుగు మానేయడం మాత్రం ఇక్కడ అక్కరకు రాని పని.

ఇప్పుడు ఐదో తరగతి. ఆ ఏడాది లెక్కలు, రీడింగ్‌తో పాటు సైన్స్ కూడా ఉంటుంది. స్టార్ తప్పాడని పిల్లవాణ్ని అదే తరగతిలో ఆపేయరు, ఐదు, ఎనిమిది తరగతులకు ఉన్న ఆ నిబంధనను 2021లో తీసేశారు. పాస్ కాకపోతే ఒక్కో సబ్జెక్టుకు 15 నుంచి 30 గంటల అదనపు బోధన స్కూలే ఇవ్వాలి. పోలిక లెక్కలోకి వస్తుందన్న చోటు ఇదే: 2023లో వచ్చిన ఒక చట్టం ప్రకారం ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే నేరుగా చేర్చాలి, ఎనిమిదో తరగతికల్లా ఆల్జీబ్రా వన్ చేసే దారి అది. దానికి స్టార్ స్కోరు గానీ, డిస్ట్రిక్ట్ సొంత కొలమానం గానీ వాడొచ్చు. వద్దనుకుంటే మీరు తప్పుకోవచ్చు. కాబట్టి మీ డిస్ట్రిక్ట్ ఏ కొలమానం వాడుతోందో ఆగస్టులోనే అడిగి తెలుసుకోండి, మే నెలలో అడిగితే లాభం లేదు. 41 నుంచి 60 దాటడం ఒక ఏడాదిలో అయ్యే పనే, తప్పులన్నీ ఒకే చోట గుంపుగా ఉంటే ఇంకా తేలిక. అంతమాత్రాన ఆల్జీబ్రా తొమ్మిదో తరగతిలో చేస్తే జీవితం పోయినట్టు కాదు, అది మీవారికి మాత్రం చదివి వినిపించండి.

స్టార్ ఎత్తేస్తారా? ఎత్తేస్తారు, కానీ వాట్సాప్‌లో చెప్పినంత తొందరగా కాదు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027–28 విద్యా సంవత్సరం నుంచి స్టార్ స్థానంలో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. మీవాడు ఐదో తరగతిలో రాసేది స్టారే, ఆరులో కొత్తది. పరీక్ష మారినా టీక్స్ జాబితా ఉంటుంది, వాడు నేర్చుకునేది వృథా కాదు. నాకైతే ఈ మార్పు కొంత నచ్చింది, సంక్రాంతి లోపే పిల్లవాడు ఎక్కడున్నాడో తెలిస్తే సరిదిద్దడానికి టైముంటుంది, జూన్‌లో వచ్చే రిపోర్టుతో ఆ ఏడాది టీచర్ ఏం చేయగలరు చెప్పండి. మూడుసార్లు పరీక్ష అంటే మూడుసార్లు టెన్షన్ పెట్టే ఇళ్లు ఉంటాయన్నదే నా భయం.

ట్యూషన్ సంగతి. పోర్టల్ చూడకుండా చేర్చొద్దు. ముందు తప్పుపోయిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద కోడ్‌తో సహా రాసుకోండి. తర్వాత ఆ ప్రశ్ననే జవాబు చూపించకుండా మళ్లీ చేయించండి, గట్టిగా చదువుతూ. గట్టిగా చదివితే సరిగ్గా చేసేశాడంటే అది చదవడంలో తొందర, దానికి ట్యూషన్ అక్కర్లేదు, పాత స్టార్ పేపర్లు టీఈఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, రోజుకు రెండు ప్రశ్నలు బొమ్మ గీయించి చేయించండి. గట్టిగా చదివినా రాలేదంటే ఆ పాఠం అందలేదన్నట్టు, అప్పుడు ఆ పాఠం వరకు మనిషిని పెట్టుకోండి, చేర్చేముందు ఆ సెంటర్ వాళ్లను ‘4.5ఎ మీద ఏం చేయిస్తారు’ అని అడగండి, టీక్స్ అంటే ఏంటండీ అంటే లేచి వచ్చేయండి. స్కూల్ తెరిచాక కొత్త టీచర్‌తో ‘మావాడు ఎలా చదువుతున్నాడు’ అని అడగొద్దు, ‘బాగానే’ అంటారు. ఆ కాగితం చేతికిచ్చి, వీటిలో ఐదో తరగతికి ఏది ముందు రావాలని అడగండి.

కాగితం రాశాక ఏ కోడ్ దగ్గర ఎక్కువ పోయాయో ఇక్కడ పెట్టండి, దానికి తగ్గ లెక్కలు నాలుగైదు రాసిస్తాను. బాబు పేరు, స్కూల్ పేరు మాత్రం తీసేసి పెట్టండి.